ఖాళీ ఖజానా, కదలని క్యూ

వరుసగా రెండు త్రైమాసికాల పాటు స్థూల దేశీయోత్పత్తి క్షీణిస్తే దానిని మాంద్యంగా పరిగణించాలని ఆర్థికవేత్తలు చెబుతారు. గృహిణికి ఆరు నెలలు ఆగే వెసులుబాటు లేదు. పాలపొడి డబ్బాలో చెంచా అడుగుకు తగిలి చప్పుడైన ఉదయమే ఆమె లెక్కలో మాంద్యం మొదలైనట్టు. 2022లో ఈ చప్పుడు శ్రీలంక అంతటా ఇంచుమించు ఒకేసారి వినిపించింది. ఆ ఏడాది ఆ దేశ ఉత్పత్తి ఏడు శాతానికి పైగా కుంచించుకుపోయింది. సెప్టెంబరు నాటికి ద్రవ్యోల్బణం 70 శాతం అంచుకు చేరింది. మార్చి మొదటివారంలో డాలరుకు రెండు వందల చిల్లరగా ఉన్న రూపాయి విలువ మే నెలకు 360 దాటిపోయింది. ఈ అంకెలన్నీ నివేదికలలో భద్రంగా ఉన్నాయి. వాటి నడుమ రెండు కోట్ల ఇరవై లక్షల మంది ఎలా కాలక్షేపం చేశారన్నది వేరే కథ. ఆ కథలో హాస్యానికి కరవు రాలేదు. దానికి విదేశీ మారకద్రవ్యం అవసరం లేకపోవడమే అందుకు కారణం కావచ్చు.

లోకానికి తేయాకు పంపే దేశంలో కప్పు పాల టీ ధర వంద రూపాయలకు చేరడం అందులో తొలి ఘట్టం. తేయాకు కొండల మీద పుష్కలంగా ఉంది. అందులో కలిపే పాలపొడి మాత్రం ఓడ మీద రావాలి. ఓడకు డాలర్లు కావాలి. దాంతో జనం పాలు లేని టీకి మళ్లారు. ఏలినవారికి మాత్రం అదే తేయాకు మరో రూపంలో అక్కరకు వచ్చింది. ఇరాన్‌కు చెల్లించవలసిన 25 కోట్ల డాలర్ల చమురు బాకీని నెలనెలా తేయాకు రూపంలో తీర్చేందుకు 2021 డిసెంబరులోనే ఒప్పందం కుదిరింది. ధాన్యం కొలిచి చాకలికీ, మంగలికీ మేర ఇచ్చిన కాలం పల్లెల్లో ఎన్నడో గతించింది. ప్రభుత్వాల స్థాయిలో అది తిరిగి రావడాన్ని ప్రగతి అనాలో, మరొకటి అనాలో తేల్చుకోవడం కష్టం.

అసలు కథ నడిచింది క్యూలలో. నడిచింది అనడం కూడా సరికాదు, అవి కదిలేవి కావు. పెట్రోలుకొక వరుస, గ్యాసుకొక వరుస, కిరోసిన్‌కు మరొకటి. గ్యాస్ బండలను గొలుసులతో ఒకదానికొకటి బిగించి, యజమానులు నీడ వెతుక్కునేవారు. ఇలా మనిషికి బదులు బండ నిలబడడం రేషన్ షాపు ముందు సంచీలను, రాళ్లను వరుసలో పెట్టి ఇంటికి వెళ్లి వచ్చిన తరం తెలుగువారికి కొత్తగా తోచదు. జులైలో ప్రభుత్వం క్యూఆర్ కోడ్ విధానం తెచ్చింది. వారానికి మోటారు సైకిలుకు నాలుగు లీటర్లు, ఆటోకు ఐదు, కారుకు ఇరవై అని కోటా నిర్ణయించింది. ఐదు లీటర్లతో వారమంతా కుటుంబాన్ని పోషించవలసిన ఆటో డ్రైవరు బండి నడిపే పని కంటే బండిలో కూర్చుని ఎదురుచూసే పనే ఎక్కువ చేశాడు. కార్లున్నవారు సైకిళ్ల దుకాణాలకు పరుగు తీశారు. పర్యావరణవేత్తలు ఎన్నేళ్లు మొత్తుకున్నా జరగనిది ఇంధన శాఖ ఖాళీ ట్యాంకులతో సాధించింది.

అయితే ఈ వరుసలలో నిలబడలేక కుప్పకూలి ప్రాణాలు విడిచిన వృద్ధులూ ఉన్నారు. మార్చి నెలలోనే అటువంటి వార్తలు వెలువడ్డాయి. అక్కడ ఏ హాస్యమూ ఆనదు.

పిల్లలకు మాత్రం కొద్దికాలం పండుగే అయింది. ప్రశ్నపత్రాలు అచ్చు వేయడానికి కాగితం లేక ఆ మార్చిలో పశ్చిమ రాష్ట్రంలో పాఠశాల పరీక్షలు వాయిదా పడ్డాయి. రాత్రి చదువుకోవడానికి దీపమూ లేదు. ఆ నెలాఖరున రోజుకు పదమూడు గంటల విద్యుత్ కోత అమలైంది. న్యూస్‌ప్రింట్ కొరతతో కొన్ని పత్రికలు శనివారం సంచికలను ఆపివేశాయి. చెడు వార్తలు వాటిని అచ్చు వేసే కాగితం కంటే ఎక్కువగా పోగుపడినప్పుడు సంపాదకులు చేయగలిగింది ఏముంది?

జూన్‌లో మంత్రివర్గం మరో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వోద్యోగులు పెరటిలో కూరగాయలు పండించుకోవాలంటూ మూడు నెలల పాటు శుక్రవారాలు సెలవుగా ప్రకటించింది. ఆఫీసుకు వెళ్లే పెట్రోలు ఆదా, తిండి గింజలకు ఊరట అన్నది సర్కారు లెక్క. గుమాస్తా దున్నితే ఎంత పండుతుందన్నది ఒక సందేహం. ఎరువు ఎక్కడిదన్నది అంతకంటే పెద్ద సందేహం. ఎందుకంటే దేశమంతా రాత్రికి రాత్రి సేంద్రియ వ్యవసాయానికి మారాలని 2021లో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించింది ఆ ప్రభుత్వమే. వరి దిగుబడి పడిపోయి, రైతులు రోడ్డెక్కాక అదే ఏడాది నవంబరులో నిషేధాన్ని ఉపసంహరించుకుంది. అంతకు ముందు, 2019 చివరలో, విలువ ఆధారిత పన్నును 15 శాతం నుంచి ఒక్కసారిగా 8కి తగ్గించింది. పన్నులు వద్దన్న ప్రభుత్వం అప్పులు వద్దనలేదు. మరుసటి ఏడు కరోనాతో పర్యాటకులూ రావడం మానేశారు. అప్పు చేసి పప్పుకూడు తినేవారికి అప్పు పుట్టనిరోజు ఒకటి వస్తుంది. ఆ రోజు 2022 ఏప్రిల్ 12న వచ్చింది. విదేశీ రుణాల చెల్లింపును నిలిపివేస్తున్నట్లు కొలంబో ప్రకటించింది. చేతిలో వాడుకోదగిన నిల్వ ఐదు కోట్ల డాలర్లయినా లేదని మే మొదటివారంలో ఆర్థికమంత్రి పార్లమెంటుకు విన్నవించారు.

జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడ్డారు. ఈత కొలనులో మునకలు వేశారు, వ్యాయామశాలలో బరువులెత్తారు, పరుపుల మెత్తదనం పరీక్షించారు. తర్వాతి రోజులలో ఆ భవనాన్ని చూడడానికి కుటుంబాలతో సహా బారులు తీరారు. నెలల తరబడి క్యూలలో నిలిచిన జనానికి చివరికంటా కదిలిన వరుస బహుశా ఇదొక్కటే. లోపల దొరికిన కోటి డెబ్బై ఎనిమిది లక్షల రూపాయల నోట్లను లెక్కపెట్టి పోలీసులకు అప్పగించడం గమనార్హం. అధ్యక్షుడు గొటబాయ రాజపక్స మాల్దీవుల మీదుగా సింగపూరు చేరుకుని రాజీనామాను ఈమెయిల్‌లో పంపారు. కాగితం కొరత ఉన్న దేశానికి ఆయన చేసిన ఆఖరి ఆదా అది.

పొదుపు పాఠాలు చెప్పడంలో పొరుగు ఏలికలూ వెనుకబడలేదు. పాకిస్తాన్ ప్రణాళికా మంత్రి అహ్సాన్ ఇక్బాల్ 2022 జూన్‌లో ప్రజలు టీ ఒకటి రెండు కప్పులు తగ్గించుకోవాలని హితవు పలికారు. తేయాకు కూడా అప్పు తెచ్చి దిగుమతి చేసుకుంటున్నామన్నది ఆయన వాదన. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాట చెప్పవలసింది ఎవరికి? మరుసటి జనవరిలో దుకాణాలు రాత్రి ఎనిమిదిన్నరకు, కల్యాణ మండపాలు పదింటికి మూసేయాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నిర్ణయం తీసుకున్న మంత్రివర్గ సమావేశం దీపాలు వెలిగించకుండా పగటి వెలుతురులోనే సాగిందని మంత్రులు సగర్వంగా ప్రకటించారు.

ఇరుగుపొరుగు అవస్థలకు నవ్వుకునే ముందు భారతీయులు 1991ని గుర్తు చేసుకోవడం మంచిది. రెండు మూడు వారాల దిగుమతులకైనా మారకద్రవ్యం చాలని స్థితిలో ఆ జులైలో 47 టన్నుల బంగారం లండన్‌లోని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు తరలిపోయింది. నగ తాకట్టు పెట్టే ఇల్లాలు కొంగు కప్పుకుని, పొద్దుగూకాక, పక్కింటికి తెలియకుండా వెళ్తుంది. ఢిల్లీ కూడా అలాగే గుట్టుగా వెళ్లబోయింది, పత్రికల కంటబడింది. అప్పుడు ప్రధాని పీఠం మీద ఉన్నది తెలుగువాడైన పి.వి. నరసింహారావు. ఆ పరువు తక్కువ పనిని నెత్తిన వేసుకోవడం, ఆ వెంటనే సంస్కరణలకు పూనుకోవడం ఆయన వంతయ్యాయి. 2022లో శ్రీలంకకు దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం అందించిన భారత్, అప్పుకోసం గడప తొక్కడంలోని బాధ ఎరిగిన దేశమే.

శ్రీలంకలో పొయ్యి కథ మాత్రం చివరిదాకా హాస్యంగా సాగలేదు. 2022 నడుమ నాటికి అరవై లక్షల మందికి పైగా, అంటే పదిమందిలో దాదాపు ముగ్గురికి, కడుపునిండా తిండి దొరకడంపై భరోసా లేదని ప్రపంచ ఆహార కార్యక్రమం అంచనా వేసింది. పూటలు తగ్గించుకున్న ఇళ్లలో మొదట తన కంచం తీసేసేది ఎవరో చెప్పడానికి ఏ సర్వే అక్కరలేదు. మంత్రులు టీ తగ్గించమని చెప్పకముందే ఆ తల్లి అన్నం తగ్గించుకుంది. ఆమె శుక్రవారం సెలవు ఎవరూ ప్రకటించలేదు.

2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి దాదాపు 300 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ఆ ఏడాది నడుమకు ద్రవ్యోల్బణం ఒంటి అంకెకు దిగింది, సెప్టెంబరులో పెట్రోలు కోటా రద్దయింది. విద్యుత్ కోతలు అంతకు ముందే, ఫిబ్రవరిలో, నిలిచాయి. అయితే కరెంటు చార్జీలను ఆరు నెలల క్రితం 75 శాతం పెంచిన సర్కారు, కోతలు ఎత్తేసిన నెలలోనే మరో 66 శాతం పెంచింది. అంతవరకు కరెంటు ఎప్పుడు వస్తుందా అని చీకట్లో కూర్చున్నవారు, ఇరవై నాలుగు గంటలూ కరెంటు వస్తుండగా తామే స్విచ్ ఆపి చీకట్లో కూర్చున్నారు.