ధ్వనిని చెవితో దిద్దుట

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు బోవు మార్గమున, రంగారెడ్డి జిల్లాలో, ఇబ్రహీంపట్నమను పట్టణము కలదు. 1550 మొదలు 1580 వరకు గోలకొండ రాజ్యము నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరిట వెలసిన ఊరిది. ఇచటి పెద్దచెరువు కూడ ఆ కాలమునాటిదే. ఆ చెరువుకట్టమీద ఒక వృద్ధుడు కూర్చుండి, తన చిన్ననాట చెరువు నిండి మత్తడి దుమికిన వైనమును చెప్పుచున్నాడనియు, ఒక బాలిక చేరువను కూర్చుండి ఆ మాటలను శబ్దగ్రాహక యంత్రమున బట్టుచున్నదనియు ఊహింపుడు. ఆమెకు చూపు లేదు. ఈ కథను చక్కదిద్ది, తనవంటి విద్యార్థులు వినుటకు అనువుగా చేయవలెనని ఆమె కోరిక.

ఇరువది నిమిషముల పలుకులలో వలసినవి ఎనిమిది నిమిషములు మాత్రమే. తాత మధ్యమధ్య దగ్గినాడు. ఒక వాక్యము నారంభించి, మరచి, మరల మొదటినుండి చెప్పినాడు. సాగరు దారిన బోవు బస్సు హారను రెండుచోట్ల మాటను మ్రింగివేసినది. వీనినన్నిటిని తీసివేసి, అతుకు తెలియకుండ మిగిలినవానిని కలుపవలయును. కంప్యూటరు తెరను చూడలేని బాలిక ఈ పనిని ఎట్లు చేయగలదని ఎవరికైనను సందేహము కలుగును.

ఈ సందేహము ఇటీవలిదే గాని పాతది కాదు. కంప్యూటరులు రాకముందు రేడియో కేంద్రములలో ధ్వనిని అయస్కాంతపు టేపుమీద ముద్రించెడివారు. టేపు సెకనుకు 7½ అంగుళములో, 15 అంగుళములో నడచెడిది. దానిని చూచినచో గోధుమవన్నె పట్టీ తప్ప ఏమియు కనబడదు. మాట ఎక్కడ ఆగినదో తెలిసికొనుటకు పనివాడు చక్రములను చేతితో ముందునకు వెనుకకు మెల్లగా త్రిప్పుచు, చెవియొగ్గి వినెడివాడు. చోటు తెలిసినంతట పెన్సిలుతో గురుతు పెట్టి, క్షురపత్రముతో ఏటవాలుగా కోసి, కొసలను అంటించెడివాడు. ఆ గురుతు పెట్టవలసిన చోటును చెప్పినది చెవియే.

కంప్యూటరు వచ్చిన పిదప ధ్వనికి రూపము వచ్చెను. తెరమీద అది ఎత్తుపల్లములు గల అలవలె కనబడును. మాట ఉన్నచోట అల ఉబ్బును; మౌనమున్నచోట సన్నని గీతయగును. చూపున్నవారు మౌసుతో ఆ గీతమధ్య గురుతు పెట్టి కోసెదరు. ఈ వసతికి అలవాటుపడినవారు ధ్వనిని దిద్దుటయనగా ఆ చిత్రమును దిద్దుటయే అనుకొనసాగిరి. చిత్రము చూడలేనివారికి ఆ పని తగదన్న అపోహ కూడ దానితోబాటే వచ్చెను.

ఈ చిక్కును తీర్చు సాధనము స్క్రీన్ రీడరు. దానిని 'తెరను చదువునది' అనవచ్చును గాని, నిజమునకు అది సాధారణముగా తెరమీది బొమ్మను చూడదు. ప్రతి మీటకును, పట్టికకును, పెట్టెకును కంప్యూటరులో ఒక పేరును, ఒక జాతియు, ఒక స్థితియు నమోదైయుండును. స్క్రీన్ రీడరు వానిని అడిగి తెలిసికొని, కృత్రిమకంఠముతో పలుకును. అందుచేత ప్రోగ్రాము వ్రాసినవాడు ఒక మీటపై అందమైన బొమ్మ గీసి పేరు పెట్టుట మరచినచో, ఆ మీట యొద్ద స్క్రీన్ రీడరు 'బటన్' అని మాత్రము పలికి ఊరకుండును. అది ధ్వనిని భద్రపరచు మీటయో, చెరిపివేయు మీటయో తెలియదు. చూపులేనివారికి అనేక ప్రోగ్రాములు మూతపడుటకు కారణము వారి శక్తిలోపము కాదు, ఈ మరపే.

మొదటి స్క్రీన్ రీడరులలో పేరుపొందిన జాస్‌ను అమెరికాలో టెడ్ హెంటర్ 1989లో వెలువరించెను. అతడు మోటారుసైకిలు పందెగాడు. 1978లో కారు ప్రమాదమున చూపు కోల్పోయెను. ఆ సాధనము మేలైనదే గాని, దాని వెల మనవంటి దేశములలో సామాన్య విద్యార్థి కందనిది. 2006లో ఆస్ట్రేలియా దేశస్థుడైన మైకేల్ కరన్ అను అంధయువకుడు ఎన్‌వీడీఏ అను స్క్రీన్ రీడరును వ్రాయ నారంభించి, దానిని అందరికిని ఉచితముగా నొసగెను. జేమ్స్ టే అను మిత్రుడు అతనికి తోడయ్యెను. అతడును అంధుడే. వీరిరువురును బాల్యమున అంధబాలుర సంగీత శిబిరమున కలిసికొనినవారు. ఈ టేయే తరువాత రీపర్ అను ధ్వనిసాధనమునకు ఒసారా అను అనుబంధమును రచించి, అంధులైన సంగీతజ్ఞులకు దారి చూపెను.

చెరువుకట్టమీది బాలిక కైకొనునది ఆడాసిటీ యనుకొందురు గాక. ఇదియు ఉచితమే. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1999లో మొదలై 2000లో వెలువడినది. ఇందులో మౌసు ముట్టకయే పెక్కు పనులు కీబోర్డుతో చేయవచ్చును. స్పేసు మీట నొక్కినచో ధ్వని నడచును. దగ్గు వచ్చుచున్నదని తోచినంతనే ఎడమ చదరపు బ్రాకెట్టు మీటను, అది ముగిసినంతనే కుడి బ్రాకెట్టు మీటను ఆమె నొక్కును. దగ్గు ఆ రెండు గురుతులమధ్య చిక్కును. వెంటనే కోయదు. 'సి' మీట నొక్కినచో, ఆ భాగమును తీసివేసినట్లయిన ఎట్లు వినబడునో కంప్యూటరు ముందుగా వినిపించును. అతుకు కుదరనిచో గురుతులను అటునిటు జరిపి మరల వినును. కుదిరిన పిదపనే చెరిపివేయును. పొరపడినను కంట్రోలుతో 'జెడ్' నొక్కినచో పోయినది తిరిగివచ్చును. క్షురపత్రముతో టేపు కోసినవారికి ఈ భాగ్యము లేదు.

తెలుగు పలుకులను దిద్దునపుడు చెవియొక్క అవసరము మరింత తేటపడును. 'అక్క' అను మాటను పలికి చూడుడు. క్కారము పలుకునపుడు గాలి పూర్తిగా ఆగి, సెకనులో పదవవంతో, అంతకు మించియో నిశ్శబ్దమై, పిదప విడుదలయగును. తెరమీద ఆ చోట అల తెగిపోయి సన్నని గీతయే కనబడును. చిత్రమును నమ్మినవాడు అది రెండు మాటల నడిమి విరామమనుకొని అక్కడ కోసినచో అక్క రెండు ముక్కలగును. 'చెట్టు', 'కొత్త' మొదలగు మాటలయందును ఇదే ప్రమాదము కలదు. దీనికి విరుద్ధముగా 'రాముడింటికి' అని కలిపి పలికినపుడు, వ్రాతలో రెండు పదములున్నను ధ్వనిలో వాని నడుమ ఎడమే ఉండదు. అక్కడ కోయబూనుట వ్యర్థము. వెనుకటి ఊపిరి దాక పోయి, ఊపిరికి ముందు కోయవలయును. ఊపిరిని పూర్తిగా తీసివేయరాదు. ఊపిరి లేని మాట యంత్రము పలికినట్లుండును. ఇవి కన్నుకంటె చెవికే ముందుగా తెలియును.

అయినను చెవికి అందనిదొకటి కలదు. కంప్యూటరు మేలిరకపు ధ్వనిని సెకనుకు 44,100 అంకెలుగా వ్రాసికొనును. కోసిన రెండు కొసలయందలి అంకెలు దూరముగా నున్నచో, అతుకునొద్ద 'టిక్' మను చప్పుడు పుట్టును. రెండు కొసలును సున్నయొద్ద కలిసినచో పుట్టదు. ఆ సున్నను వెదకుటకు 'జెడ్' మీట యొకటి చాలును. కంటితో చూచువారును ఇందుకు ఆ మీటనే నొక్కుదురు.

అసలు కష్టము వేరొకటి. ఒకేమారు రెండు కంఠములు వినవలసివచ్చును. తాత మాట ఒకటి, స్క్రీన్ రీడరు పలుకు రెండవది. ఒకదానిమీద నొకటి పడినచో రెండును చెడును. కొందరు ఒక చెవికి తాతను, రెండవ చెవికి స్క్రీన్ రీడరును కేటాయింతురు. కొందరు స్క్రీన్ రీడరు వేగమును, కొత్తవారికి ఒక్క మాటయు తెలియనంతగా పెంచి, కనురెప్పపాటులో దాని పలుకును ముగింపజేయుదురు. పలుకులను పట్టునపుడు కంప్యూటరునకు హెడ్‌ఫోను తగిలించుట మరచినచో, స్క్రీన్ రీడరు మాటలును మైకులో దూరి కథలో కలిసిపోవును. నేర్చుకొనువారిలో ఈ పొరపాటు చేయనివారు అరుదు.

మాటలాడు పుస్తకములు అమెరికాలోను ఇంగ్లండులోను 1930 దశకమున బయలుదేరినవి. అంధులు అప్పుడు ముఖ్యముగా శ్రోతలు. పుస్తకమును చదువుట, దిద్దుట ఇతరుల పని. చూపులేనివారికొరకు పుస్తకములను వేరురూపములలో తయారుచేయుటకు అనుమతినిచ్చు మరాకష్ ఒడంబడిక 2013లో కుదిరినది. దానిని మొట్టమొదట ధ్రువీకరించిన దేశము భారతదేశమే, 2014లో. చట్టము అడ్డు తొలగించినను, తెలుగులో చదివి దిద్దు చేతులు కావలయును గదా. ఆ చేతులు శ్రోతలవే అగుటకు ఇప్పుడు వీలున్నది.

మరల చెరువుకట్టకు వచ్చినచో, బాలిక తెలివిగా ఇంకొక పని చేసినది. బయలుదేరుటకు ముందు తాతను అరనిమిషము మాటలాడక కూర్చుండుమని వేడి, వట్టి గాలిచప్పుడును పట్టుకొన్నది. ఆ చప్పుడును మాదిరిగా చూపినచో ఆడాసిటీ దానిని కథయంతటినుండి తగ్గించును. ఎక్కువగా తగ్గించినచో తాత కంఠము నీటిలోనుండి వచ్చినట్లగును. కావున కొలది కొలదిగా తగ్గించి, మాటిమాటికి వినవలయును. హారనుక్రింద పడిన రెండు మాటలను ఏ మీటయు బ్రతికింపలేదు. మరునాడు పోయి, తాతచే ఆ రెండు వాక్యములను అదే కట్టమీద మరల చెప్పించుకొనవలసినదే.

తుదకు స్క్రీన్ రీడరు నోరు మూయించి, ఎనిమిది నిమిషములను ఒక్కసారిగా వినును. నాల్గవ నిమిషమున ఒక నీటికోడి అరుపు మిగిలియున్నది. దానిని తీయుటకు రెండు మీటలు చాలును. తాత మత్తడిని గురించి చెప్పుచున్నపుడే అది అరచినది. ఆమె దానిని అట్లే యుంచి, ఫైలునకు ఊరిపేరు పెట్టి భద్రపరచును.