స్ప్రింగ్ లేకుండా వాల్వ్ ఎలా మూసుకుంటుంది?

బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఓ ఇంటర్వ్యూకి వెళ్లా. హాబీ ఏంటని అడిగితే ‘బైక్స్ సార్’ అన్నా. ‘డుకాటిలో వాల్వ్‌ని మూసేది స్ప్రింగ్ కాదు. మరేంటి?’ అన్నారాయన. నాకు హార్స్‌పవర్ తెలుసు, రేటు తెలుసు. ఇది మాత్రం తెలీదు. ఉద్యోగం రాలేదు. వరంగల్ బస్సులో దారిపొడవునా అదే ఆలోచన.

మెకానికల్ చదివి, బైకుల పిచ్చి ఉన్నవాళ్లు ‘డయావెల్ 1260 లంబోర్గిని’ ఫొటోలు చూసే ఉంటారు. 2020లో వచ్చిన ఈ ఇటలీ పవర్ క్రూయిజర్‌ను 630 బండ్లే చేశారు. లంబోర్గిని పుట్టింది 1963లో కాబట్టి ఆ 63 అంకె. ఆకుపచ్చ రంగు, బంగారు రంగు చక్రాలు, కార్బన్ ఫైబర్ భాగాలు... ఇవన్నీ పైపై సోకులే. ఇంజిన్ మాత్రం మామూలు డయావెల్ 1260దే: 1262 సీసీ, 90 డిగ్రీల ట్విన్.

అసలు సంగతి ఆ ఇంజిన్‌లోనే ఉంది. 9,500 ఆర్‌పీఎం దగ్గర ప్రతి వాల్వూ సెకనుకు దాదాపు 79 సార్లు తెరుచుకుని మూసుకోవాలి (క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది, లెక్క మీరే వేసి చూడండి). వేగం బాగా పెరిగితే స్ప్రింగ్ వెనకబడుతుంది, వాల్వ్ టైముకి మూసుకోదు. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. డుకాటి ఇంజినీర్ ఫాబియో తాలియోనీ 1956లోనే రేసు బండిలో దీనికి విరుగుడు పెట్టాడు. తెరవడానికి ఒక క్యామ్, రాకర్; మూయడానికి ఇంకో క్యామ్, రాకర్. స్ప్రింగ్ దయాదాక్షిణ్యాలతో పనిలేదు. ఇదే డెస్మోడ్రోమిక్ పద్ధతి.

ఇంతవరకు చెప్పగానే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఊరుకోరు. ‘అంత గొప్పదైతే అందరూ ఎందుకు వాడరు?’ అంటారు. 500 బండ్లే చేసిన ‘డయావెల్ ఫర్ బెంట్లీ’లో డుకాటియే మళ్లీ స్ప్రింగులకు వచ్చింది మరి! అందులోని వీ4 గ్రాన్‌టురిస్మో ఇంజిన్‌కి వాల్వ్ క్లియరెన్స్ చెకింగ్ 60,000 కిలోమీటర్లకోసారి చాలు. 1260కి అది 30,000కే. రోడ్డు బండి తిరిగే వేగానికి ఇప్పటి స్ప్రింగులు సరిపోతాయి, సర్వీసు ఖర్చూ తగ్గుతుంది. నన్నడిగితే, డెస్మో ఎలా పనిచేస్తుందో చెప్పడం కన్నా ఈ రెండో జవాబుకే మార్కులెక్కువ.

డుకాటి మనకెక్కడ దొరుకుతుంది అనకండి. హన్మకొండలో తెలిసిన మెకానిక్‌తో మాట్లాడి పెట్టుకోండి. బుల్లెట్ హెడ్ విప్పిన రోజు వెళ్లి, ఆ వాల్వ్ స్ప్రింగ్‌ని బొటనవేలితో నొక్కి చూడండి. ఎంత నొక్కినా దిగదు. క్యామ్ దాన్ని ప్రతిసారీ అణచాల్సిందే.