మీకు తెలుసా? కారు ట్యాంకుకు ఖాళీయే శత్రువు

పాత కారు పెట్రోలు ట్యాంకు తుప్పు పట్టాలంటే అందులో ఎవరూ నీళ్లు పోయక్కర్లేదు. సగం ఖాళీగా వదిలేసి కారును షెడ్డులో పెడితే చాలు. పగటి వేడికి ట్యాంకులోని గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే చెమ్మగాలి లోపలికి వస్తుంది. ఆ చెమ్మ పైరేకుకు బొట్లుగా పట్టి కిందికి జారుతుంది. నీళ్లు పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుగుకు చేరి అక్కడే ఉండిపోతాయి.

సముద్రతీరంలోని భావనపాడులో ఈ గాలికి ఉప్పు కూడా తోడవుతుంది. పక్కనున్న నౌపడ ప్రాంతం ఉప్పుమళ్లకు పేరున్నదే. ఉప్పులోని క్లోరైడు తుప్పును ఇంకా తొందరపెడుతుంది. ఇప్పటి పెట్రోలులో కలుపుతున్న 20 శాతం ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. నీరు మితిమీరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున పేరుకుంటుంది. 2014 దాకా తయారైన అంబాసిడర్‌లలో పాతవాటిని ఈ ఇంధనాన్ని దృష్టిలో పెట్టుకుని చెయ్యలేదు.

కారు కాస్త దూరం పోయి ఆగిపోవడం, ఫిల్టర్‌లో ఎర్రటి పొడి కనిపించడం ట్యాంకు తుప్పు పట్టిందనడానికి గుర్తులు. ఫిల్టర్లు మార్చుకుంటూ పోతే రోగం అలాగే ఉంటుంది. ట్యాంకు దించాల్సిందే.

ఇక్కడే ప్రాణాలకు సంబంధించిన మాట ఒకటుంది. నిండు ట్యాంకు కన్నా పెట్రోలు వంచేసిన ట్యాంకు ప్రమాదకరం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ తగలగానే పేలుతుంది. ఖాళీ ట్యాంకులో సరిగ్గా ఆ పాళ్లే కుదరవచ్చు. చిల్లు పూడ్చడానికి దాన్ని నేరుగా వెల్డింగ్‌కు ఇవ్వకండి, దయచేసి.

సబ్బునీళ్లతో పలుమార్లు కడిగాక, గుప్పెడు నట్లు వేసి ఊపితే వదులు తుప్పు రాలుతుంది. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నింపి, ఒక రోజు ఉంచాలి. చింతపండుతో ఇత్తడి బిందె తళతళలాడినట్టే, ఇక్కడా పనిచేసేది పులుపే. చివరగా వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. శుభ్రమైన ఇనుము తడిగా ఉంటే నిమిషాల్లోనే మళ్లీ ఎర్రబారుతుంది. అందుకే కొందరు ఫాస్ఫారిక్ ఆమ్లం పట్టిస్తారు. అది ఇనుము మీద ఫాస్ఫేట్ పొరగా నిలుస్తుంది. సుమారు 1600 ఏళ్ల నాటి ఢిల్లీ ఇనుప స్తంభాన్ని కాపాడుతున్నదీ ఫాస్ఫేట్ పొరేనని శాస్త్రజ్ఞులు తేల్చారు. అక్కడ ఇనుములోనే ఉన్న భాస్వరం ఆ పని చేసింది.

ఇక ట్యాంకు లోపల పూతగా వేసే ఎపాక్సీ సీలర్ సంగతి. పైపుల నోళ్లు మూసి, సీలర్ పోసి, అన్ని వైపులా తిప్పి, మిగిలింది పూర్తిగా వంచేయాలి. డబ్బా మీద రాసినన్ని రోజులు ఆరనివ్వాలి. వదులు తుప్పు మీదో, పెట్రోలు జిడ్డు మీదో పోస్తే అది పొరలుగా ఊడి పైపుకు అడ్డం పడుతుంది. అది తుప్పు కన్నా పెద్ద తలనొప్పి. ఇథనాల్‌కు తట్టుకునే రకమేనా అని కొనేముందే అడగండి, పాత రకాలు కొన్ని కరిగిపోతాయి.

ఇదంతా మొదలుపెట్టే ముందు ట్యాంకు అడుగున స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడండి. రేకు లోపలికి దిగితే సీలర్ డబ్బు ఆదా చేసి, వేరే ట్యాంకు వెతకండి.