పురుగులకోసం సముద్రం దాటిన చిత్రకారిణి

మీ పెరట్లో కరివేపాకు మొక్కమీద గొంగళిపురుగు కనిపిస్తే ఏం చేస్తారు? దులిపేస్తారు, అంతేగా! మరియా సిబిల్లా మేరియన్ అయితే దాన్ని ఇంటికి తెచ్చి, మేతవేసి పెంచి, సీతాకోకచిలుకగా మారేదాకా బొమ్మలు వేసేది. పురుగు పక్కనే దాని మేతమొక్కనూ వేయడం ఆమె పద్ధతి.

ఆమెకు నెలజీతం లేదు, కుంచే జీవనాధారం. 1699లో, 52 ఏళ్ళ వయసులో, తన చిత్రాలమ్మిన డబ్బుతో చిన్నకూతురిని వెంటబెట్టుకొని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు ఓడ ఎక్కింది. పంచదార వదిలి పురుగులు వెదుకుతున్నదని అక్కడి చెరకుతోటల దొరలు తనను ఎగతాళి చేశారనీ, ఆ వేడికి ప్రాణం పోయినంత పనయిందనీ ఆమే రాసుకుంది. జబ్బుపడి 1701లో తిరిగివచ్చింది.

1705లో వెలువడిన ఆమె పుస్తకంలో 60 చిత్రఫలకాలున్నాయి. వాటిలో ఒకచోట పెద్ద సాలీడు పక్షిని తింటూంటుంది! చాలామంది అది కట్టుకథే అన్నారు. అమెజాన్ అడవుల్లో అలాంటి దృశ్యం తన కళ్ళతో చూశానని బేట్స్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1863లో రాశాడు.