జపాన్ కారులో అమ్మమ్మ కథలు

న్యూజిలాండ్‌లో మనవాళ్లు చాలామంది కొనే మొదటి కారు జపాన్‌లో ఎవరో వాడాక ఓడెక్కి వచ్చినదే. ధర తక్కువ, ఇంజిన్ గట్టిది. తిప్పలన్నీ రేడియోతోనే. జపాన్ ఎఫ్ఎమ్ 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 90ల్లోనే ఆగిపోతుంది, ఇక్కడి స్టేషన్లేమో 88 నుంచి 108 దాకా. బ్యాండ్ ఎక్స్‌పాండర్ పెట్టించకపోతే చాలా స్టేషన్లు పలకనే పలకవు. పాత బండ్లలో బ్లూటూత్ కూడా ఉండదు. మిగిలేది సీడీ దూర్చే సందు ఒక్కటే.

ఆ సందుని తీసిపారేయకండి. ఆక్లండ్ నుంచి వెల్లింగ్టన్‌కి 640 కిలోమీటర్లు. పిల్లలు అన్ని గంటలు కదలకుండా కూర్చునేది ఇంకెక్కడ? తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే వయసు వాళ్లది. మా అమ్మ వాట్సాప్‌లో చెప్పి పంపిన కథలు ఫోన్లో పెడితే, రెండో నిమిషంలో వేళ్లు వేరే వీడియో మీదికి పోతాయి. సీడీకి ఆ బెడద లేదు.

రాయడానికి డ్రైవ్ ఉన్న పాత లాప్‌టాప్ చాలు. అలాంటివి ఇప్పుడు చాలా ఇళ్లలో అటక మీదున్నాయి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, 11 వాటిలో ఎక్కదు. లినక్స్ మింట్ మాత్రం హాయిగా ఎక్కుతుంది, పైసా ఖర్చు లేదు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు. నచ్చితే ఫొటోలన్నీ వేరేచోట దాచుకుని అప్పుడు ఎక్కించండి.

వాట్సాప్ మాటలు ఓపస్ ఫైళ్లుగా వస్తాయి. వాటిని సౌండ్ కన్వర్టర్‌తో వేవ్ ఫైళ్లుగా మార్చుకోవాలి. తర్వాత కే3బి తెరిచి, కొత్త ఆడియో సీడీ అని ఎంచుకుని, ఫైళ్లు లాగి వదలడమే. ఈ రెండూ మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. డేటా సీడీ కాకుండా ఆడియో సీడీయే చేయండి. 80 నిమిషాలే పడుతుంది గానీ పాత ప్లేయర్లు కూడా చాలావరకు చదువుతాయి. ఎంపీ3 నింపిన సీడీని కొన్ని కార్లు గుర్తే పట్టవు. కథల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, ఆ జపాన్ తెర మీద తెలుగు కనపడదు. వేగం 16ఎక్స్ పెడితే ఆరేడు నిమిషాల్లో పని అయిపోతుంది.

సీడీ కాల్చడమేమిటని మా అమ్మకి నవ్వు. నిజానికి అక్కడ జరిగేది దాదాపు అదే. ఖాళీ సీడీలో పల్చని రంగు పొర ఉంటుంది. లేజర్ వేడికి అది చుక్కచుక్కగా మారిపోయి, ఆ చోట్ల వెలుగు సరిగా తిరిగి రాదు. ప్లేయర్ ఆ తేడానే చదువుతుంది. అందుకే రాసిన సీడీని డాష్‌బోర్డు మీద ఎండలో వదలకూడదు. పేరు రాయడానికి బాల్‌పెన్ను వద్దు, మెత్తని మార్కర్ వాడండి. కాగితం లేబుల్ అసలే వద్దు, కారు వేడికి ఊడి లోపల ఇరుక్కుంటుంది.

సినిమా పాటల సంగతి కూడా చెప్పాలి. మనం కొన్న ఆల్బమ్‌ని ఇంటివాళ్లు వినడానికి కాపీ చేసుకోవచ్చని ఇక్కడి కాపీరైట్ చట్టానికి 2008లో సవరణ తెచ్చారు. అసలుది మన దగ్గరే ఉండాలి. పది కాపీలు తీసి స్నేహితులకు పంచడం ఇందులోకి రాదు. అమ్మమ్మ కథలకైతే ఆమె సరేనంటే చాలు.

ఉచితంగా వచ్చేది మంచిదవుతుందా అని మావారు అడిగినట్టే మీవాళ్లూ అడుగుతారు. వెల్లింగ్టన్ వెళ్లే దారిలో లెవిన్ వస్తుంది కదా, అక్కడి హోరోవెనువా లైబ్రరీ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం దాటితే పనిచేయదని తేలితే, కొత్తది రాయించుకుని దాన్ని అందరికీ ఓపెన్ సోర్సుగా ఇచ్చేశారు. పేరు కోహా. మావోరీలో కానుక అని అర్థం. ఇవాళ దాన్ని ఎన్నో దేశాల లైబ్రరీలు వాడుతున్నాయి. లెవిన్ వచ్చేసరికి మా బండిలో మూడో సీడీ నడుస్తుంటుంది, ఏడు చేపల కథ.