అలసటను తీర్చు మనోచిత్రము – దాని బలము, దాని హద్దు

అలసట ఎరుగని మనుష్యుడు లేడు. షోలాపురమున మరమగ్గముల నడుమ నిలిచి పనిచేయు పద్మశాలి కార్మికునకు కాళ్ళు లాగును. అదే ఊరిలో ఒడిలో చేట పెట్టుకొని తునికాకు చుట్టు స్త్రీకి మెడయు, వ్రేళ్ళును పట్టుకొనిపోవును. వేయి బీడీలకు ఇంత యని కూలి కట్టుదురు గనుక, లెక్క నిండువరకు ఆమె లేవజాలదు. యానాములో వల లాగు జాలరికి భుజములు సలుపును. పర్లాకిమిడిలో గాని, హోసూరులో గాని, ఇంట తెలుగును, వీధిలో మరియొక భాషను, బడిలో ఇంగ్లీషును మోయు బాలునకు సాయంకాలమగునప్పటికి తల బరువెక్కును. పనులు వేరైనను “ఇక నా వల్ల కాదు” అను మాట మాత్రము అందరిదియు ఒక్కటే.

ఈ మాట ఎచ్చట పుట్టుచున్నది? కండరములోనా, మనస్సులోనా? మనస్సులో పుట్టినదైనచో, మనస్సుతోనే దానిని వెనుకకు త్రోయుట సాధ్యమా? మనస్సున ఒక చిత్రమును నిలిపి, దాని వలన దేహమునకు ఉత్సాహమును తెచ్చుకొను ఉపాయమును గూర్చి నేడు రెండు మాటలు వినవచ్చుచున్నవి. గట్టిగా ఊహించుకొన్నచో సర్వమును సిద్ధించునని కొందరందురు. ఊహలతో కడుపు నిండునా యని మరికొందరు నవ్వుదురు. ఈ రెండు మాటలలోను కొంత సత్యము, కొంత పొరపాటు కలవు. వానిని వేరుచేసి చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

అలసట యొక్క రెండు మూలములు

ఇటలీ దేశమున ట్యూరిన్ నగరమునకు చెందిన ఆంజెలో మోసో అను శరీరశాస్త్రజ్ఞుడు 1891లో అలసటను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. వ్రేలితో బరువును మరల మరల ఎత్తించి, ఎప్పుడు శక్తి తగ్గుచున్నదో గీతగా గీయు యంత్రమును ఆయన వాడెను. ఒక ఆచార్యుడు విద్యార్థులకు మౌఖిక పరీక్షలు జరిపి వచ్చిన పిమ్మట, ఆయన వ్రేలు మునుపటి వలె బరువును ఎత్తలేకపోయెను. పరీక్షలో పనిచేసినది మెదడు, అలసినది వ్రేలు!

ఇదే విషయమును 2009లో సామ్యూల్ మార్కోరా, ఆయన సహచరులు వేరొక రీతిని పరీక్షించిరి. కొందరిచేత 90 నిమిషములు ఏకాగ్రతతో చేయవలసిన పనిని చేయించి, తరువాత కదలని సైకిలు త్రొక్కించిరి. విశ్రాంతిగా నుండి వచ్చిన దినమున వారు సగటున 754 సెకనులు త్రొక్కగా, మనస్సు అలసిన దినమున 640 సెకనులకే విరమించిరి. గుండె పనితీరులోను, కండరములకు శక్తి అందుటలోను ఈ తేడాను వివరింపగల మార్పు కానరాలేదు. మారినదెల్ల “ఎంత కష్టముగా నున్నది” అను అనుభవమే.

కావున అలసటకు రెండు మూలములు కలవు. దేహములోని ఇంధనము, నీరు, నిద్ర తరుగుట యొకటి. చేయవలసిన పని ఎంత బరువైనదో మనస్సు వేసికొను అంచనా రెండవది. మనోచిత్రము మొదటిదానిని తీర్చజాలదు. రెండవదానిని మాత్రము కొంత మార్చగలదు. ఈ భేదమును మరచినవారే పైన చెప్పిన రెండు పొరపాట్లలో నొకదానియందు పడుదురు.

మనోచిత్రమనగా నేమి?

ఎదుట లేని వస్తువును మనస్సున చూచుట, లేని ధ్వనిని వినుట, చేయని కదలికను చేసినట్లు అనుభవించుట మనోచిత్రము. అది కంటికి మాత్రమే చెందినది కాదు. చింతపండు పేరు విన్నంతనే నోరూరుట రుచికి చెందిన చిత్రము. వానకు తడిసిన మట్టివాసన తలపునకు వచ్చుట ఘ్రాణమునకు చెందినది.

ఈ శక్తి అందరికిని సమానముగా నుండదు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1880లో ఇంగ్లండున పలువురిని ఆనాటి ఉదయపు భోజనపు బల్లను మనస్సున చూచి వర్ణింపుడని అడిగెను. కొందరికి బల్ల, దానిపై వస్తువులు, రంగులు ఎదుట నున్నట్లే తోచినవి. మరికొందరికి, అందులో శాస్త్రజ్ఞులకు సైతము, ఏమియు కానరాలేదు. ఇట్టి చిత్రరహితమైన మనస్సునకు ఆడమ్ జేమన్ 2015లో “అఫాంటేషియా” అను పేరు పెట్టెను. అది రోగము కాదు. కావున మనస్సున బొమ్మ కట్టలేని బాలుని మందబుద్ధి యనరాదు. అట్టివారికి మాట, తాళము, లెక్క మొదలగు ఇతర మార్గములు కలవు.

దేహముపై దాని ప్రభావము

ఊహ దేహమును నిజముగా తాకునా? చికాగోలో ఎడ్మండ్ జేకబ్సన్ 1930 ప్రాంతమున దీనిని కొలిచి చూచెను. చేయి వంచినట్లు ఊహింపుమని చెప్పినప్పుడు, చేయి కదలకున్నను దాని కండరములో స్వల్పమైన విద్యుత్ప్రసారము కనిపించెను.

ఫ్రాన్సు దేశమున జాన్ డెసెటీ, ఆయన సహచరులు 1991లో ప్రకటించిన ప్రయోగము మరింత ఆసక్తికరము. గంటకు 5, 8, 12 కిలోమీటర్ల వేగములతో నడచినట్లును, పరుగెత్తినట్లును ఊహించుకొనుడని వారు కొందరిని కోరిరి. కాళ్ళు కదలలేదు. అయినను ఊహలోని వేగము పెరిగినకొలది గుండె కొట్టుకొనుటయు, శ్వాసయు పెరిగినవి. రాబోవు శ్రమకు మెదడు దేహమును ముందుగానే సిద్ధపరచుచున్నదని దీనివలన తెలియుచున్నది.

మరుసటి సంవత్సరము, అనగా 1992లో, గ్వాంగ్ యూ, కెల్లీ కోల్ అనువారు చిటికెనవ్రేలి కండరముపై నాలుగు వారములు సాధన చేయించిరి. నిజముగా వ్యాయామము చేసినవారి బలము నూటికి 30 వంతులు పెరిగెను. వ్యాయామమును ఊహించుటతో సరిపెట్టినవారికి 22 వంతులు పెరిగెను. ఏ సాధనయు చేయనివారికి పెరిగినది 4 వంతులకు లోపే. ఊహించినవారి కండరము పెద్దదై యుండునని తలపరాదు. మెదడు కండరమునకు ఆజ్ఞ నిచ్చు నేర్పు పెరిగినది. ఇది కొద్దిమందిపై, ఒక చిన్న కండరముపై జరిగిన పరీక్ష. దీనిని చూపి వ్యాయామము మానుకొనవచ్చుననుట తగదు. నిజముగా చేసినవారే ముందుండిరి గదా!

మేలు చేయు చిత్రము, చేటు చేయు చిత్రము

ఇచ్చట అందరును గమనింపవలసిన విషయ మొకటి కలదు. మనోచిత్రములన్నియు బలము నీయవు. కొన్ని ఉన్న బలమును హరించును.

కాలిఫోర్నియాలో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ 1999లో ప్రకటించిన పరిశోధనయందు, పరీక్షకు చదువుచున్న విద్యార్థులలో కొందరు మంచి మార్కులు వచ్చినట్లు దినదినము ఊహించుకొనిరి. మరికొందరు తాము ఎప్పుడు, ఎచ్చట కూర్చుండి, ఎట్లు చదువుదురో ఊహించుకొనిరి. రెండవవారు ముందుగా చదువుట మొదలుపెట్టి మంచి మార్కులు పొందిరి. ఫలమును మాత్రమే ఊహించినవారికి అట్టి లాభము కలుగలేదు. 2011లో హీథర్ కాప్స్, గాబ్రియేల్ ఎట్టింజన్ మరియొక సంగతి కనుగొనిరి. కోరిక నెరవేరినట్లు తీయగా ఊహించుకొన్నవారిలో ఉత్సాహము తగ్గెను. దానికి గుర్తుగా కొలిచిన రక్తపీడనము సైతము తగ్గెను. పని అయిపోయినదని మనస్సు నమ్మినప్పుడు దేహము నడుము వాల్చుట సహజమే కదా!

ఇది మనవారికి క్రొత్త సంగతి కాదు. పంచతంత్రములో పేలపిండి కుండ క్రింద పరుండిన బ్రాహ్మణుడు సంపదను, పెండ్లిని, బిడ్డను ఊహించుకొని తుదకు కుండను కాలదన్నినాడు. అతడు ఊహించినవన్నియు ఫలములు. ఆ ఫలములకు పోవు దారి అతని ఊహలో లేదు.

దీనికి ప్రతిగా వాల్మీకి చూపిన హనుమంతుని తలచుకొనుడు. కిష్కింధాకాండ తుదిలో జాంబవంతుడు హనుమంతునకు ఆతని బలమును జ్ఞప్తికి తెచ్చెను. వెంటనే ఆతడు ఎగురలేదు. తాను ఆకాశమున ఎట్లు పోవునో, చెట్ల పువ్వులు తన వెంట ఎట్లు ఎగిరివచ్చునో వానరులకు వర్ణించెను. పిదప చిత్తమును కుదుటపరచుకొని, దేహముకంటె ముందు మనస్సుతోనే లంకకు పోయెనని చెప్పి కవి ఆ కాండమును ముగించెను. హనుమంతుడు చూచినది తనకు రాబోవు కీర్తిని కాదు. తాను చేయబోవు పనిని. మేలు చేయు చిత్రమునకు ఇదియే లక్షణము.

పనిపాటలు, మాతృభాష

దంపుళ్ళపాట, నాట్లపాట, ఏతపుపాట, హైలెస్సా యను పడవవాని పాట – ఇవి యన్నియు అలసటను మరపించుటకే పుట్టినవి. వానిలో రెండు పనులు ఏకకాలమున జరుగుచుండును. తాళము చేతులను కలిపి నడపును. కథ మనస్సునకు చూచుటకు ఒక చిత్రము నిచ్చును. రోకలి పోటుపై నున్న స్త్రీ సీత పడిన పాట్లనో, ఊర్మిళాదేవి నిద్రనో పాడుకొనుచున్నప్పుడు ఆమె చేతులు దంచుచునే యుండును, మనస్సు మాత్రము అంతఃపురమున నుండును. పాట చిన్న చిన్న చరణములుగా నుండుటచే పనియు చిన్న చిన్న పాళ్ళుగా విడిపోవును.

తరతరములుగా ఇతర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారికి ఈ పాటలతో గల సంబంధము ఏనాటికానాటికి సన్నగిల్లుచున్నది. మరమగ్గపు హోరులో పాట వినబడదు. ఇంటిలో పాడు అవ్వ తరము తరుగుచున్నది. ఈ సందర్భమున ఒక పరిశోధన గమనింపదగినది. చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన సయూరి హయకావా, బోజ్ కైసర్ 2018లో ప్రకటించిన దాని ప్రకారము, తరువాత నేర్చిన పరభాషలో విన్నప్పుడు కంటె మాతృభాషలో విన్నప్పుడు మనోచిత్రములు ఎక్కువ స్పష్టముగా కలుగును. పుట్టుకతోడనే రెండు భాషలు వచ్చిన పిల్లలకు ఇది ఇట్లే వర్తించునని చెప్పరాదు. కాని ఇంట తెలుగు మాత్రమే విని పెరిగి, బడిలో మరియొక భాష నేర్చినవారికి ఇందులో గట్టి సూచన కలదు. “చల్లని బావినీళ్ళు” అను మాటలో వారికి గిలక చప్పుడు, చేద బరువు, గొంతు చల్లదనము కలిసి వచ్చును. అదే మాటను పుస్తకములో నేర్చిన భాషలో చెప్పినచో అర్థము వచ్చును గాని గొంతు చల్లబడదు. మాతృభాషను విడిచిన బిడ్డ మాటలనే కాదు, అలసినప్పుడు ఆదుకొను చిత్రముల నిధిని గూడ కొంత కోల్పోవును.

అభ్యాసక్రమము

మనోచిత్రము రెండు పనులకు వచ్చును: శాంతపరచుటకు, ఉత్సాహపరచుటకు. అలసినవాడు ముందుగా మొదటిదానిని, పిదప రెండవదానిని వాడుట మేలు.

శాంతపరచు పద్ధతిని జర్మనీ దేశపు వైద్యుడు యోహానెస్ షుల్ట్జ్ 1932లో ఒక క్రమములో పెట్టెను. కూర్చుండి గాని, పరుండి గాని కన్నులు మూసికొని, చేతులు బరువుగా నున్నట్లును, పిదప వెచ్చగా నున్నట్లును భావింపవలెను. మన శవాసనము ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. రెండు మూడు నిమిషములైన పిదప, తాను ఎరిగిన ఒక చల్లని చోటును – ఊరి చెరువుగట్టును గాని, వేపచెట్టు నీడను గాని – తలచుకొని, అచ్చటి గాలిని, చప్పుడును, వాసనను ఒక్కొక్కటిగా పిలువవలెను. ఎన్నడును చూడని మంచుకొండలకంటె చూచిన చెరువే మేలు. ఎరిగిన చోటు శ్రమ లేకుండ మనస్సునకు వచ్చును.

పిదప కన్నులు తెరచుటకు ముందు, చేయవలసిన పనిలో మొదటి మెట్టును మాత్రము చూడవలెను. బీడీలు చుట్టు స్త్రీ మిగిలిన ఆరువందలను తలచినచో గుండె జారును. రాబోవు ఒక్క కట్టను, అందులో ఆకు త్రిప్పు వ్రేళ్ళ ఒడుపును చూచిన చాలును. విద్యార్థి పుస్తకమంతటిని కాక, తెరవబోవు పుటను, కలము పట్టిన తన చేతిని, వ్రాయు మొదటి పంక్తిని చూడవలెను. లేచిన వెంటనే ఆ మెట్టును ఎక్కవలెను. చిత్రమునకును పనికిని నడుమ ఆలస్యము జరిగినచో అది పగటికలగా మారును.

హద్దులు

నడచుచున్న మగ్గము కడ, బండి తోలునప్పుడు, పొయ్యి యొద్ద ఈ అభ్యాసము చేయరాదు. అచ్చట కావలసినది ఊహ కాదు, మెలకువ. నిద్ర లేమికి నిద్రయే మందు; ఆకలికి అన్నమే మందు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ననుసరించి మన దేశమున 15 నుండి 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. రక్తహీనత గల స్త్రీ “ఓపిక లేదు” అన్నచో అది మనోదౌర్బల్యము కాదు. ఆమె రక్తము దేహమునకు చాలినంత ప్రాణవాయువును మోయజాలకున్నది. మధుమేహమును, థైరాయిడ్ గ్రంథి మాంద్యమును, క్షయయును సైతము మొదట అలసటగానే కనిపింపవచ్చును. విశ్రాంతి తీసికొన్నను వారముల తరబడి తీరని అలసటకు వైద్యుని చూచుట మొదటి పని. మనోచిత్రము ఆ తరువాతిది.

ఇంకొక హద్దు కలదు. అలసినవాడు తన మేలు కొరకు ఈ ఉపాయమును తానే వాడుకొనవలెను. పని గంటలు తగ్గింపకుండ, కూలి పెంచకుండ “ఉల్లాసముగా ఊహించుకొనుము” అని ఇతరులు చెప్పుటకు ఇది సాధనము కారాదు. తరగతిలో కునుకు తీయు బాలుని సోమరి యనుటకు ముందు, రాత్రి వాడు ఎన్ని గంటలకు పండుకొనెనో, ఉదయము ఏమి తినెనో అడుగవలెను. ఇంట తల్లికి బీడీలు కట్టుటలో సాయపడి వచ్చిన బిడ్డకు కావలసినది మనోచిత్రము కాదు, నిద్ర.

ఈ హద్దులు ఎరిగి వాడుకొన్నచో మనోచిత్రము ఖర్చు లేని తోడు. దానికి కావలసిన సామగ్రి ప్రతి తెలుగు ఇంటను ఇంకను కొంత మిగిలియున్నది. అవ్వ పాటలో, తాత చెప్పు ఊరి కథలో, చెరువు పేరులో, చెట్టు పేరులో అది దాగియున్నది. ఆ మాటలను బిడ్డలకు అందించు పెద్దలు భాషను మాత్రమే అందించుటలేదు. అలసిన ఒక సాయంకాలమున ఆ బిడ్డలు తలదాచుకొనుటకు ఒక నీడను గూడ అందించుచున్నారు.