పిల్లల పంతులు నవలాకర్త యైన విధము

బాలురకై వ్రాయుట సులభమనియు, పెద్దలకై వ్రాయుటయే పాండిత్యమనియు మనలో ననేకులు తలంచుచుందురు. కథల పుస్తకము చేతబట్టిన పిల్లవానిని జూచి, "పాఠము విడిచి యీ కాలక్షేపమేల?" యని మందలించు తలిదండ్రులును గలరు. ఈ యభిప్రాయము సరికాదని చూపుటకు కందుకూరి వీరేశలింగము పంతులుగారి చరిత్రము చాలును.

పంతులుగారు 1848వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించిరి. కోరంగిలోను, ధవళేశ్వరములోను, పిమ్మట రాజమహేంద్రవరములోను ఉపాధ్యాయులుగా నుండిరి. ఆ దినములలో బాలురకు వచనము నేర్పుటకు 1853లో పరవస్తు చిన్నయసూరిగారు ప్రకటించిన నీతిచంద్రిక ముఖ్యాధారము. సూరిగారు అందు మిత్రలాభ మిత్రభేదములను మాత్రమే వ్రాసిరి. మిగిలిన విగ్రహమును, సంధిని వీరేశలింగముగారు తెనిగించిరి. విగ్రహము 1874లో వెలువడెను. ఈసపు కథలను గూడ నీతికథామంజరి యను పేర వ్రాసిరి.

తొలుత వారు సూరిగారి మార్గమునే పట్టి, సంధినియమము తప్పక కఠినముగా వ్రాసిరి. క్రమముగా ఆ నియమములను సడలించి, తేటయైన వచనమునకు దిగిరి. దినదినము బాలుర యెదుట నిలుచు ఉపాధ్యాయునకు ఏ వాక్యము చెవి జొచ్చునో, ఏది చొరదో తెలియక మానదని మేమును అనుభవముచే నెఱుగుదుము.

1874లోనే వారు వివేకవర్ధని పత్రికను, ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిరి. ఆ పత్రికలోనే 1878లో రాజశేఖరచరిత్రము ప్రకటింపబడెను. 1880లో గ్రంథరూపము దాల్చెను. అంతకు పూర్వము 1872లో నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి శ్రీరంగరాజచరిత్ర వెలువడియున్నను, తరువాతి నవలాకర్తలకు దారి చూపినది రాజశేఖరచరిత్రమే. ఆంగ్లకవి గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన నవల దీనికి ప్రేరణము. ఇది 1887లో ఆంగ్లమునకు మార్చబడి లండనులో అచ్చయ్యెను.

ఇందలి కథ ఏమి? ధవళేశ్వరమున ధనవంతుడైన రాజశేఖరుడు ముఖస్తుతులకు లోబడి ధనము పోగొట్టుకొనును. బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి మోసపోవును. కుటుంబముతో దారిబట్టి కష్టములపాలగును. నక్క పొగడ్తకు మురిసి నోటి ముక్కను జారవిడిచిన ఈసపు కాకిని మీరెఱుగుదురు గదా! నీతి యదియే. అయితే కాకి పోగొట్టుకొన్నది ఒక ముక్క; రాజశేఖరునితో భార్యయు బిడ్డలును దుఃఖపడిరి. పిల్లల కథలో నీతిని తుదను ఒక వాక్యమున చెప్పవచ్చును. పెద్దల కథలో దానిని ఇంటిలోను, వీధిలోను, మనుష్యుల నడతలోను చూపవలెను. పంతులుగారు నేర్చిన క్రొత్తవిద్య యిది. తేటగా చెప్పుట యనునది మాత్రము బడిలో నేర్చినదే.

పిమ్మట వారు సత్యరాజా పూర్వదేశయాత్రలను వ్రాసిరి. 1726లో స్విఫ్టు పెద్దలకై వ్రాసిన గల్లివరు యాత్రలు దీనికి మాదిరి. ఆ గల్లివరు కథ నేడు పిల్లల చేతులలో నున్నది. కావున పిల్లల పుస్తకమునకును పెద్దల పుస్తకమునకును నడుమ గోడ లేదని తెలియుచున్నది.

మా తరగతులలో నొక చిన్న పరీక్ష చేయుచుందుము. పై తరగతి విద్యార్థిని పిలిచి, మూడవ తరగతి పిల్లవానికి ఒక కథ చెప్పుమందుము. సమాసములు ధారాళముగా వల్లించు వాడును, "ఎందుకు?" అని ఆ పిల్లవాడు ప్రశ్నింపగనే నిలిచిపోవును. తనకే స్పష్టముగా తెలియని దానిని పిల్లవానికి చెప్పజాలము.

కావున ప్రియ విద్యార్థులారా! మీలో రచయితలు కాగోరువారు సెలవులలో మీ యూరి చెరువును గూర్చియో, మంజీరా తీరమును గూర్చియో, మీ తాతగారి నోట విన్న సంగతిని గూర్చియో ఒక కథ వ్రాసి, ముందుగా మీ చెల్లెలికి చదివి వినిపింపుడు. ఆమె యెక్కడ ఆవులించునో అక్కడ దిద్దుడు. తలిదండ్రులారా! అట్టి పనిలో నున్న బిడ్డను కాలము వ్యర్థపుచ్చుచున్నాడని కోపింపకుడు.